రెండవ పీఠమున కెవరు?

2024వ సంవత్సరము ఆషాఢమాసమున కరీంనగరము, జగిత్యాల, మంచిర్యాల, నిర్మల్ ప్రాంతముల యిండ్లలో ఒక అమెరికా ముచ్చట విరివిగా వినవచ్చినది. ఆ దేశపు అధ్యక్షపదవికి పోటీచేయుచున్న డొనాల్డ్ ట్రంపు, జులై 15వ తేదీన, ఉపాధ్యక్షపదవికి తనతోకూడ నిలుచువానిగా జె.డి. వాన్స్ అను యువ సెనేటరును ప్రకటించెను. ఆ వాన్స్ భార్య పేరు ఉష. పుట్టినింటి పేరు చిలుకూరి. ఆమె తలిదండ్రులు తెలుగువారు, వారి పూర్వుల యూరు పశ్చిమ గోదావరి జిల్లాలోని వడ్లూరు. అంతే! కొడుకునో కూతురినో అమెరికాకు పంపి, రాత్రింబగళ్లు ఫోనువైపు చూచుకొనుచుండు తల్లులందఱకు ఆ పేరు చుట్టరికమువలె తోచినది. అక్కడి లెక్కకు జులై 17, మనకు తొలి ఏకాదశి గడచిన మఱునాటి ఉదయము, ఉషగారు మిల్వాకీ నగరపు మహాసభలో నిలిచి మాటలాడుటను ఎందఱో టెలివిజనులో చూచిరి.

అప్పుడు మన స్త్రీలలో రెండు ప్రశ్నలు పుట్టినవి. మొదటిది: రెండవస్థానములోని మనిషిని చూచి ఎవరైన వోటు వేయుదురా? రెండవది: మన పిల్ల భర్త గెలిచినచో మన పిల్లల కేమైన మేలగునా? ఈ రెంటికిని సమాధానము వెదకినచో, అది అమెరికాతో ఆగక, మన పంచాయతీ కచ్చేరి గడపదాక వచ్చును. కావున ఈ నెల ఈ సంగతిని కొంచెము విపులముగా ముచ్చటించుకొందము.

అమెరికాలో అధ్యక్షుని పేరును ఉపాధ్యక్షుని పేరును వోటుపత్రముమీద జంటగా నుండును. ఒకరికి వేసి రెండవవారిని మానుటకు వీలులేదు. ఇట్లు జతగా నిలుచువానిని వారు 'రన్నింగ్ మేట్' అందురు. ఆ మాట గుఱ్ఱపుపందెములనుండి వచ్చినది. మనకు గుఱ్ఱములకన్న ఎడ్లు బాగుగ తెలియును గనుక జోడెద్దు అనుకొన్న చాలును. మన రైతు సంతలో రెండవ యెద్దును కొనునపుడు కొమ్ముల యందము మాత్రమే చూడడు. ఇంటనున్న యెద్దుతో అడుగు కలుపునా, కాడిక్రింద మెడ వంచునా, మొదటిది కుంటువడిన నాడు బండిని ఇల్లు చేర్చగలదా అని చూచును. జోడు కుదరని బండి యెంత మంచిదైనను గుంతలో దిగబడును.

ఈ జంట పద్ధతి ఆ దేశమున మొదటినుండి లేదు. పూర్వము ఎక్కువ వోట్లు వచ్చినవాడు అధ్యక్షుడు, వాని తరువాతివాడు ఉపాధ్యక్షుడు. అందుచేత 1796లో జాన్ ఆడమ్స్ అధ్యక్షుడుకాగా, ఆయనకు ఎదురుగా పోటీచేసిన ప్రతిపక్షపు థామస్ జెఫర్సన్ ఉపాధ్యక్షుడయ్యెను. ఒకే యింట సవతుల కాపురమువలె నాలుగేండ్లు గడచినవి. 1800లో జెఫర్సనుకును, ఆయన పక్షమువాడే యైన ఆరన్ బర్‌కును సరిగా డెబ్బదిమూడేసి వోట్లు వచ్చి చిక్కుపడగా, ప్రతినిధుల సభ 36 మారులు వోటుచేసిన పిమ్మట గాని జెఫర్సన్ అధ్యక్షుడు కాలేదు. ఈ తలనొప్పి పోవుటకై 1804లో రాజ్యాంగమును సవరించి రెండు పదవులకు వేఱువేఱుగా ఎన్నిక యేర్పఱచిరి. నాటినుండి పక్షములు జంటలుగా అభ్యర్థులను నిలుపుట స్థిరపడినది. చాలకాలము ఆ రెండవ పేరును పక్షపు పెద్దలే నిర్ణయించిరి. ఇరువదవ శతాబ్దపు నడుమనుండి అధ్యక్షాభ్యర్థియే తన జోడును తాను కోరుకొనుట వాడుకయైనది.

ఇక కోరుకొనునప్పుడు దేనిని చూచెదరు? సాధారణముగా తనలో లేనిదానిని. తాను ఉత్తరదేశమువాడైనచో దక్షిణదేశమువానిని, తాను వృద్ధుడైనచో యువకుని, తాను క్రొత్తవాడైనచో అనుభవజ్ఞుని, తాను పురుషుడైనచో స్త్రీని. మన యిండ్లలో సంబంధము చూచునప్పుడు పిల్ల నెమ్మదిగలదైనచో మాటకారియైన వరుడు దొరికిన బాగుండునని పెద్దలు తలచుట లేదా? అట్టిదే యిది. అయితే ఆ లెక్క ఫలించినదా లేదా అనునది చరిత్రను చూచి తెలిసికొనవలెను.

ఫలించినదని చెప్పుటకు పెద్దలు చూపు ఉదాహరణము 1960 నాటిది. జాన్ కెన్నెడీ వయస్సు 43 ఏండ్లు, ఉత్తరాన మసాచుసెట్స్ రాష్ట్రమువాడు, కాథలిక్ మతస్థుడు. దక్షిణ రాష్ట్రముల ప్రజలకు ఆయనపై నమ్మకము తక్కువ. ఆయన టెక్సాసు రాష్ట్రపు ప్రముఖుడైన లిండన్ జాన్సనును జతచేసికొనెను. అంతకుముందు 1952లోను 1956లోను ఎదిరి పక్షమునకు పోయిన టెక్సాసు, ఈమారు సుమారు 46,000 వోట్ల తేడాతో కెన్నెడీకి దక్కినది. టెక్సాసొక్కటియే చేజాఱినను ఆయన గెలిచియే యుండెడివాడు. దానితోపాటు కరొలైనాలు, జార్జియా వంటి మఱికొన్ని దక్షిణ రాష్ట్రములు జాఱియుండినచో మాత్రము ఓటమి తప్పెడిది కాదు. జాన్సన్ ఆ సీమను పట్టియుంచెనని పలువురి యభిప్రాయము. ఆయన యెంత జాగ్రత్తపరుడనగా, ఓడిపోయిన యెడల చేతులూపుకొనుచు ఇంటికి పోనక్కఱలేకుండ, అదే యెన్నికలో తన సెనేటు స్థానమునకు గూడ నిలిచి గెలిచెను!

కాని ఇట్టి ఉదాహరణములు అరుదు. స్త్రీని నిలిపిన స్త్రీల వోట్లన్నియు రాలునను లెక్కను చూడుడు. 1984లో వాల్టర్ మాండేల్, న్యూయార్కునుండి ఎన్నికైన ప్రతినిధురాలు జెరాల్డీన్ ఫెరారోను ఉపాధ్యక్షపదవికి నిలిపెను. పెద్ద పక్షమొకటి స్త్రీని ఆ స్థానమునకు నిలుపుట అదే ప్రథమము. సభలకు స్త్రీలు బిడ్డలను చంకనెత్తుకొని వచ్చిరి. కాని కొలదివారములలోనే ఆమె భర్త వ్యాపారలెక్కలు, పన్నుల కాగితములు చర్చలోనికి వచ్చినవి. పదవికి నిలిచినది భార్య. లెక్క చెప్పవలసివచ్చినది భర్త వ్యాపారమునకు! ఆమె రమారమి రెండుగంటలు విలేఖరుల యెదుట నిలిచి ప్రశ్నలకు ధైర్యముగా సమాధానములిచ్చెను. ఐనను ఎన్నికలో మాండేల్‌కు దక్కినది ఆయన సొంత రాష్ట్రమగు మినెసోటా, రాజధాని నగరము మాత్రమే. స్త్రీల వోట్లలో గూడ ఎక్కువపాలు రోనాల్డ్ రీగనుకే పోయినవి. స్త్రీలు స్త్రీని ద్వేషించిరని దీని యర్థము కాదు. వారు ధరలను, ఉద్యోగములను, మొదటిస్థానములోని మనిషిని చూచి వోటు వేసిరి. స్త్రీకి స్త్రీ పేరు చూపినంతమాత్రమున వోటు వచ్చునని తలచుట స్త్రీల బుద్ధిని తక్కువగా అంచనా వేయుటయే.

2008లో జాన్ మెకైన్ తన 72వ జన్మదినమునాడే, ఆగస్టు 29న, అలాస్కా గవర్నరగు సారా పాలినును ప్రకటించెను. మొదట సభలు క్రిక్కిఱిసినవి. ఆమె మాటలో చుఱుకుదనము, ఐదుగురు బిడ్డల తల్లి యను గౌరవము, క్రొత్తముఖమను ఆకర్షణ అన్నియు కలిసివచ్చినవి. కాని టెలివిజనులో ఓర్పుగా అడిగిన సాధారణ ప్రశ్నలకు ఆమె తడబడుట చూచిన పిదప జనులు ఆమెనుగూర్చి ఆలోచించుట మాని, ఆయననుగూర్చి ఆలోచింప మొదలిడిరి. 'ఇంత పెద్దవయస్సున ఈయన, తనకు ఏదైన జరిగినచో దేశమును ఎవరిచేతిలో పెట్టదలచినాడు?' అను ప్రశ్న ఊరూర తిరిగినది.

ఈ విషయమున మనము శ్రద్ధగా చదువదగినది 1972 నాటి కథ. జార్జ్ మెక్‌గవర్న్ అధ్యక్షాభ్యర్థి యయ్యెను. తమ పక్షపు ప్రముఖులు పలువురు ఉపాధ్యక్షపదవికి ఒప్పుకొనకపోగా, చివరిదినమున కొన్నిగంటల వ్యవధిలో థామస్ ఈగిల్టన్ అను సెనేటరును ఖాయపఱచిరి. ఇంటి చరిత్ర, ఒంటి చరిత్ర విచారించుటకు తీరిక చిక్కలేదు. కొలది దినములకే, ఆయన లోగడ మనోవ్యాకులతచే మూడుసారులు ఆసుపత్రిలో నుండెననియు, విద్యుచ్చికిత్స పొందెననియు బయటపడినది. మెక్‌గవర్న్ మొదట 'నూటికి వేయిపాళ్లు ఆయన పక్షమే నేను' అనెను. పిమ్మట పత్రికల ఒత్తిడికిని, పక్షపు పెద్దల గొణుగుడుకును తాళలేక ఆయనను తొలగించెను. పదునెనిమిది దినముల ముచ్చట! తరువాత సార్జెంట్ ష్రైవరును నిలిపిరి. ఎన్నికలో 49 రాష్ట్రములు చేజాఱినవి. ఒక్క మసాచుసెట్స్, రాజధాని నగరము మాత్రము దక్కినవి.

మెక్‌గవర్న్ ఏమైనను ఓడెడివాడే యని తెలిసినవారు చెప్పుదురు. కాని ఆ పదునెనిమిది దినములు ఆయన పేరునకు చేసిన చెఱుపు ఏ ప్రతిపక్షమును చేయలేకపోయినది. ఇందు దోషము రోగిది కాదు. మనస్సునకు జబ్బుచేయుట ఒంటికి జ్వరము వచ్చుటవంటిదే. చికిత్స పొందినవారిని తక్కువగా చూచుట తగదు. అడిగినప్పుడు దాచుట ఒక దోషము. అడుగవలసినట్లు అడుగకపోవుట ఇంకొకటి. వేయిపాళ్లని మాటయిచ్చి వారము తిరుగకమునుపే చేయి విడుచుట అన్నింటికన్న పెద్దది. నాటినుండి ఆ దేశమున జోడును కోరుకొనుటకు ముందు న్యాయవాదులను పెట్టి పన్నుల కాగితములు, ఆరోగ్యపు చీటీలు, పాత యుపన్యాసములు, కుటుంబ వ్యవహారములు అన్నియు జల్లెడపట్టుట కట్టుబాటైనది.

ఈ కథలన్నిటి సారమొక్కటే. రెండవవారు వోట్లు తెచ్చుట అరుదు; మొదటివారి బుద్ధిని బయటపెట్టుట మాత్రము తప్పదు. ఎన్నికల సభలలో మాటలు ఎన్నియైనను చెప్పవచ్చును. కాని అధికారము రాకముందే అభ్యర్థి చేయు మొట్టమొదటి పెద్దపని ఈ కోరిక. దానినిబట్టి ఆయన తొందరపాటుగలవాడా నిదానస్థుడా, సమర్థుని చూచి ఓర్వగలవాడా, తలయూపువారినే చేరదీయునా అనునది జనులకు తెలిసిపోవును. ఇంటిని చూచి ఇల్లాలిని చూడుమన్న సామెత ఇక్కడ గూడ చెల్లును.

ఇప్పుడు మరల 2024కు వత్తము. ట్రంపు వయస్సు అప్పటికి 78. వాన్సుకు నలువది నిండలేదు. వాన్స్ బీదకుటుంబమున పెరిగి, ఆ జీవితమును గ్రంథముగ వ్రాసి పేరొందినవాడు. 2016లో ట్రంపును గట్టిగా విమర్శించి, పిదప ఆయన అనుచరుడై, 2022లో ఒహాయో సెనేటరైనవాడు. ఒహాయో అప్పటికే ట్రంపువైపున్న రాష్ట్రము. కావున ఈ కోరిక వోట్లకొఱకు కాదు. తన మార్గమునకు వారసుని చూపుటకని అందఱు గ్రహించిరి.

ప్రకటించిన కొలది దినములకే ఒక పాతమాట పైకి వచ్చినది. దేశమును బిడ్డలులేక పిల్లులను పెంచుకొను స్త్రీలు పాలించుచున్నారని 2021లో వాన్స్ ఒక టెలివిజను సంభాషణలో నిరసనగా పలికియుండెను. బిడ్డలు లేనివారు, బిడ్డలు వద్దనుకొన్నవారు, పుట్టిన బిడ్డలను పోగొట్టుకొన్నవారు, సవతిబిడ్డలను కన్నబిడ్డలవలె పెంచినవారు ఎందఱో నొచ్చుకొనిరి. సంతానము లేని స్త్రీని శుభకార్యములయందు ప్రక్కకు తప్పుకొమ్మను దురాచారము మన పల్లెలలోను ఉన్నది గదా! ఆ మాటలోని ముల్లు మనకు చెప్పనక్కఱలేదు. ఉషగారు అది ఛలోక్తియనియు, ఉద్యోగముచేయు తల్లుల కష్టములనుగూర్చి చెప్పదలచినదే యనియు భర్తను సమర్థించిరి. ఉషగారు యేల్ విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము చదివి, సుప్రీంకోర్టు ప్రధానన్యాయమూర్తి యొద్ద పనిచేసినవారు. మహాసభలో మాటలాడుచు, మాంసప్రియుడైన భర్త తన శాకాహారమునకు అలవాటుపడి మనదేశపు వంట వండుట గూడ నేర్చెనని చెప్పిరి. అదివిని మన స్త్రీలు మురిసిరి. అదే సమయమున వారి పక్షములోని దురభిమానులు కొందఱు ఆమె జాతినిబట్టి ఆమెను దూషించిరి. పదవికి నిలువని భార్యకు పొగడ్తలోను తెగడ్తలోను పాలు తప్పకపోవుట స్త్రీజన్మపు వింత.

ఎదిరిపక్షమున జో బైడెన్ జులై 21న తప్పుకొనగా కమలా హారిస్ నిలిచెను. ఆమెయే ఒకనాడు రెండవ పీఠపు మనిషి; 2020 ఆగస్టులో బైడెన్ ఆమెను జతగా కోరుకొనెను. తమిళదేశపు తల్లికి పుట్టిన ఆమె, 2021లో అమెరికాకు తొలి మహిళా ఉపాధ్యక్షురాలై, 2024లో తానే జోడును కోరుకొను స్థానమునకు వచ్చెను. ఆమె మినెసోటా గవర్నరగు టిమ్ వాల్జును ఎన్నుకొనెను. బడిపంతులుగా పనిచేసిన ఆ సాదామనిషిని జనులు మెచ్చిరి. మినెసోటా ఆమెకే దక్కినది. కాని ఫలితమును తేల్చు ఇరుగుపొరుగు రాష్ట్రములగు విస్కాన్సిన్, మిషిగన్ దక్కలేదు. జనులు నొచ్చుకొన్న జోడు గెలిచినది, మెచ్చిన జోడు ఓడినది! నవంబరు 5వ తేదీ యెన్నికలో ట్రంపుకు 312, హారిసుకు 226 నిర్వాచక వోట్లు వచ్చినవి. వాల్జును చూచి గెలిపించినవారును కొలదిమందియే, వాన్సును చూచి ఓడించినవారును కొలదిమందియే.

మన రెండవ ప్రశ్నకు గూడ కాలమే బదులు చెప్పినది. వడ్లూరున పూజలు జరిగినవి; తెలుగిండ్లలో మిఠాయిలు పంచిరి. 2025 సెప్టెంబరు 19న అదే ప్రభుత్వము, విదేశీ నిపుణులకిచ్చు హెచ్-1బి వీసాకు క్రొత్తగా దరఖాస్తు చేయించుటకు లక్ష డాలర్ల రుసుము విధించుచు ప్రకటన చేసెను. ఆ వార్త విని మన తల్లులెందఱు ఆ రాత్రి నిద్రలేక గడపిరో! ఉపాధ్యక్షుని వంటయింట తెలుగుమాట వినబడినంతమాత్రమున ప్రభుత్వపు కాగితముపై తెలుగుబిడ్డలకు ప్రత్యేకపు గీత గీయరు. ఇందులకు ఉషగారిని నిందించుట అన్యాయము. ఆమెను చూచి ఆశపడుట మన అమాయకత్వము. కులము, ఊరు, భాష కలిసిన మనిషి అక్కడ నున్నారను సంతోషము మనస్సులో నుంచుకొనవచ్చును గాని, దానిని విధానముగ భ్రమపడరాదు.

ఐనచో రెండవస్థానము ఉత్త అలంకారమా? ఎంతమాత్రము కాదు. అమెరికాలో ఎనిమిదిమంది అధ్యక్షులు పదవిలోనుండగనే చనిపోయిరి, ఒకరు రాజీనామా చేసిరి. ఆ తొమ్మిదిమారులును రెండవ పీఠమువారే మొదటి పీఠ మెక్కిరి. 1944లో ఫ్రాంక్లిన్ రూజ్వెల్టుకు జతగా నిలిచిన హ్యారీ ట్రూమన్, ఉపాధ్యక్షుడై 82 దినములు గడువకమునుపే 1945 ఏప్రిల్ 12న అధ్యక్షుడయ్యెను. అణుబాంబు తయారగుచున్న రహస్యము ఆయనకు పూర్తిగ తెలిసినది పదవి చేపట్టిన తరువాతనే. ఆ యాగస్టులోనే హిరోషిమా, నాగసాకి నగరములపై ఆ బాంబులు పడినవి. కెన్నెడీ 1963లో హత్యకు గురికాగా దక్షిణపు వోట్లకొఱకు తెచ్చుకొన్న జాన్సనే దేశమును పాలించెను. వోట్లకొఱకై తెచ్చినవాడు రేపు యేలికయగును. చూచుకొని తెచ్చుకొనవలెననుటకు ఇంతకంటె నిదర్శనమేమి?

మన దేశపు పద్ధతి వేఱు. ఇక్కడ ఉపరాష్ట్రపతిని పార్లమెంటు ఉభయసభల సభ్యులు విడిగా ఎన్నుకొందురు. రాష్ట్రపతికి జోడుగా నిలుపరు. కాని ప్రాంతపు పేరు చూపి వోట్లు రాబట్టు లెక్క ఇక్కడను ఒకమారు పరీక్షకు వచ్చినది. 2025 జులై 21న జగదీప్ ధన్‌ఖడ్ రాజీనామా చేయగా, ప్రతిపక్షములు రంగారెడ్డి జిల్లాకు చెందిన సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి బి. సుదర్శన్ రెడ్డిగారిని నిలిపినవి. తెలుగువాడు గనుక తెలుగు సభ్యులందఱు ఆయనకే వోటువేయవలెనని తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిగారు కోరిరి. కాని తెలుగుదేశము, వై.ఎస్.ఆర్. కాంగ్రెసు పక్షములు సి.పి. రాధాకృష్ణన్ గారిని బలపఱచినవి. భారత రాష్ట్ర సమితి వోటుకు దూరముగ నుండెను. సెప్టెంబరు 9న 452 వోట్లకు 300 వోట్లుగా ఫలితము తేలినది. మనిషి ఉత్తముడైనను, ఊరి పేరు పొత్తుల లెక్కను మార్చలేకపోయినది.

సోదరీమణులారా, ఇక మన గడపకు వత్తము. మన పల్లెలలో రెండవ పీఠము ఏది? ఉపసర్పంచి పదవి. తెలంగాణలో 2019 జనవరిలోను, తిరిగి 2025 డిసెంబరు 11, 14, 17 తేదీలలోను గ్రామపంచాయతీ ఎన్నికలు జరిగినవి. గులాబిరంగు పత్రముపై సర్పంచికి, తెల్లపత్రముపై వార్డు సభ్యునికి మనము ముద్రవేయుదుము. మధ్యాహ్నము ఒంటిగంటకు వోట్లు ముగియును, రెండుగంటలకు లెక్కింపు మొదలగును. ఆపిమ్మట గెలిచిన వార్డు సభ్యులు తమలో ఒకరిని ఉపసర్పంచిగా ఎన్నుకొందురు. అనగా అమెరికాలో జోడు పేరు వోటుపత్రముమీదనే బహిరంగముగ నుండును. మన పల్లెలో ఆ పేరు ఏ రంగు కాగితముమీదను ఉండదు. ఐనను ప్రచారము సాగునప్పుడే ఆ పదవి పలువురికి వాగ్దానము చేయబడుచుండును. 'మీ వాడకట్టు వోట్లు వేయించుడు, ఉపసర్పంచి మీకే' యని ఒకరికి. 'నీవు పోటీనుండి తప్పుకొనుము, ఉపసర్పంచి నీకే' యని మఱొకరికి. బేరము అరుగుమీద జరుగును. వోటువేయు ఆడువారికి తెలియదు.

దీనితో మనకేమి పని యందురేమో. ఉన్నది. సర్పంచి పదవులలో సగము స్త్రీలకు కేటాయింపబడినవి. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము చెక్కుమీద సర్పంచితోపాటు ఉపసర్పంచి సంతకము గూడ ఉండవలెనని విధించెను. 2019లో ఎన్నికైనవారి కాలమున అది అమలైనది. ఉపసర్పంచి సంతకము పెట్టనందున బిల్లులు నిలిచిన గ్రామముల వార్తలు ఆ కాలమున పత్రికలలో తఱచుగా వచ్చినవి. స్త్రీ ఎంత తెలివిగలదైనను, రెండవ సంతకము చేయువాడు ఎదురు తిరిగినచో మోరీలు శుభ్రపడవు, వీధిదీపము వెలుగదు, ఊరు ఊడ్చు కార్మికురాలికి నెల జీతము అందదు. సంతకపు నియమములు ప్రభుత్వములనుబట్టి మారవచ్చును. కాని సర్పంచి లేనప్పుడు ఆ పని చూడవలసినవారు ఉపసర్పంచియే యనుట మాత్రము నిజము. భర్తయో మఱదియో స్త్రీ సర్పంచి పేరిట పెత్తనము చేయు ఊళ్లలో, ఉపసర్పంచి గూడ వారి మనిషియే యైనచో ఆమెకు మిగులునది కుర్చీ మాత్రమే.

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెలనుండి గల్ఫుదేశములకు పోయిన పురుషులెందఱో! అట్టి యూళ్లలో వోటువేయు చేయి చాలవఱకు స్త్రీచేయియే. ఆసిఫాబాదు, ఉట్నూరు వైపున గోండు, కోలాము స్త్రీలు సర్పంచులగుచున్నారు. అక్కడ ఆమె భాషను, ఆమె వారి కష్టమును ఎఱిగినవారు రెండవస్థానమున నున్నచో కచ్చేరిలో ఆమె మాట చెల్లును. లేనియెడల కాగితముమీద వ్రేలిముద్ర మాత్రమే చెల్లును.

కావున ముందుముందు ఎన్నికలు వచ్చినప్పుడు, వోటడుగ వచ్చినవారిని కూర్చుండబెట్టి మంచినీళ్లిచ్చి, ఈ నాలుగు మాటలు అడుగుడు. ఒకటి: ఉపసర్పంచిగా ఎవరిని తలచినారు? రెండు: ఏ గుణమును చూచి తలచినారు, వోట్లనా, పనినా? మూడు: ఆ పదవిని ఇప్పటికి ఎందఱికి మాటయిచ్చినారు? నాలుగు: మీరు ఊరలేని నాడు మా నీళ్లు, మా దీపము, మా బడి వారి చేతిలో పదిలముగ నుండునా? సమాధానము చెప్పలేక నీళ్లు నమలువారిని గుర్తుంచుకొనుడు. మొదటి ప్రశ్నకే చిరాకుపడువారిని మఱింత గుర్తుంచుకొనుడు.

మీరే పోటీకి నిలిచినచో ఈ ప్రశ్నలను ముందుగా మీరే వేసికొనుడు. తలయూపువారిని కాదు, లెక్క తెలిసినవారిని కోరుకొనుడు. మీ వాడవారినే గాక, మీకు తెలియని వాడల కష్టము తెలిసినవారిని కోరుకొనుడు. వారి సంగతులు ముందే విచారించుడు. మాట యిచ్చుటకు ముందు ఆలోచించుడు, ఇచ్చినపిదప నిలువుడు. వార్డు సభ్యురాండ్రలో సమర్థురాలున్నచో రెండవ పీఠమున గూడ స్త్రీయే యేల ఉండరాదు? ఇద్దఱు తోడికోడండ్రు ఏకమైనచో ఇల్లు నిలుచుననుట మనకు క్రొత్తగాదు. కాడికి రెండు మెడలు కావలెను. రెండవ మెడ ఎవరిదో తెలిసికొనియే బండి యెక్కుడు.